గనిలో ఎవరూ చావరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాడలో అందరికీ తెలుసు. బైబిలు సంచి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఆడమనిషికి ఇంత కోపం తగదని పాస్టరయ్య కూడా మెత్తగా చెప్పి చూశాడు. తల ఊపి వచ్చేశాను. మా తమ్ముడు మత్తయ్య పోయాక ఆ కోపం ఇంకా పెరిగింది. బండల గని యజమాని పాండురంగం సేఠు మీద కోపమంటే ఎవరికైనా అర్థమవుతుంది. నాకు మత్తయ్యతో కలిసి పనిచేసిన మగవాళ్ల మీద కూడా వచ్చింది. అందరికన్నా ఎక్కువగా నా మరదలు, మత్తయ్య పెండ్లాం భాగమ్మ మీద వచ్చింది. అదెందుకో తెలియాలంటే మా గనుల్లో ఉన్న ఒక ఆచారం సంగతి ముందు చెప్పాలి.

తాండూరు నుంచి యాలాల్ పోయే దారిలో మా వాడ. నైజాం రాజ్యం పోయి పదేళ్లు దాటినా మా బతుకులో పెద్ద తేడా ఏమీ లేదు. పొలం పని దొరికినన్నాళ్లు పొలం, దొరకనప్పుడు గని. నేల కింద బండ పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డపారల్లాంటి సబ్బళ్లు దూర్చి ఒక్కో పొరనూ లేపి, పలకలు కొట్టి, మెట్ల దారిన పైకి మోసుకొస్తారు. కింద పనిచేసే మగవాళ్లు ఇద్దరిద్దరు జోడీలుగా ఉంటారు. మత్తయ్య జోడీ నర్సప్ప. మేము చర్చికి పోయేవాళ్లం, వాళ్లు పోనివాళ్లు. అయినా ఆ ఇద్దరూ ఒక్క తల్లి కడుపున పుట్టినట్టే ఉండేవాళ్లు.

గనిలో ఎవరైనా చనిపోతే వాళ్ల ప్రాణం అక్కడే చిక్కుకుపోతుందని, తోడు కావాలని కిందికి దిగిన వాళ్లను ఒక్కొక్కరినే పిలుచుకుంటుందని మా వాళ్ల నమ్మకం. అందుకని గనిలో ఎవరినీ చావనివ్వరు. చచ్చినా చావనివ్వరు. శవాన్ని మోసుకొచ్చి గని ఒడ్డున పడుకోబెడతారు. పెండ్లాన్ని పిలిపిస్తారు. ఆమె మొగుడి ముఖం మీదికి వంగి "పైకొచ్చినవా?" అని అడగాలి. మొదట అడిగితే జవాబు రాదు. మళ్లీ అడిగినా రాదు. మూడోసారి అడిగినప్పుడు అతని జోడీ తలాపున నిలబడి, ఆ మనిషి గొంతుతో అన్నట్టుగా "వచ్చిన" అంటాడు. అంతే. మనిషి ప్రాణంతో పైకి వచ్చాడు, పెండ్లాంతో మాట్లాడాడు, ఆ తరువాతే పోయాడు. ఇక వాడంతా అదే మాట చెబుతుంది. ఎవరూ అబద్ధం చెబుతున్నామని అనుకోరు. ఆదివారం నా పక్కన కూర్చుని పాటలు పాడేవాళ్లు కూడా ఇందులో వెనక్కి తగ్గరు. నేను ఎన్ని ఇళ్లలో దీన్ని గురించి గొంతు చించుకున్నానో దేవుడికే తెలుసు.

సేఠుకు మాత్రం ఈ ఆచారం ఎంతో ఇష్టం. ఆయన ఏ అధికారి ముందైనా "మా గనిల చీమ సుత సావలేదు" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలడు.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో మత్తయ్య పోయాడు. పైనున్న మట్టి తీయకుండానే కింది పొర లేపమన్నాడు సేఠు. మట్టి తీయడమంటే కూలి దండగ కదా ఆయనకు! నానిన మట్టి, దాని కింది బండతో సహా మత్తయ్య మీదికి జారింది. పక్కనే ఉన్న నర్సప్ప భుజం గీరుకుపోయింది. నేను మర్‌పల్లి దిక్కు ఊళ్లకు పోయి ఉన్నాను. కబురు అంది వచ్చేసరికి తమ్ముడిని సమాధి దగ్గరికి మోసుకుపోతున్నారు. అతని ఛాతీ ఉండాల్సిన చోట ఏమీ లేదు, దుప్పటి లోపలికి దిగిపోయి ఉంది. అట్లాంటి మనిషి ఎవరితోనైనా ఒక్క మాటైనా మాట్లాడగలడా?

కానీ పోలీసు పటేలు వచ్చి అడిగినప్పుడు భాగమ్మ ఆచారం ప్రకారమే చెప్పింది. "పైకొచ్చిండు. నాతోటి మాట్లాడిండు." పక్కనే ఉన్న సేఠు ఆ మాటకు మిగతా కథ తగిలించాడు. పని ముగించుకుని ఇంటికి పోతుంటే దారిలో బండల బండి మీద పడిందట. పంచనామాలో అదంతా రాసి భాగమ్మ వేలిముద్ర తీసుకున్నారు. అంత ఏడుపులో ఏం రాశారో ఆమె అడగలేదు.

దినాలు గడిచాక సేఠు మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో నిలబడే మాట్లాడాడు.

"భాగమ్మా, నిన్ను ఇడిసిపెట్టనులే. నీ పెద్ద పోరణ్ని గనికి తోలు. అయ్య జాగ కొడుకుదే."

మేనల్లుడు మిషన్ బడిలో చదువుతున్నాడు. వాడి చెల్లెలు పలక పట్టుకుని వాడి వెంట ఇప్పుడిప్పుడే పోతోంది. భాగమ్మ తలుపు చాటుకు పోయింది. సేఠు పోయాక ఆమె ఒక్కటే మాట అంది: "వదినె, నా పోరగాండ్లు గనిల దిగొద్దు. నేను అడుక్కతిన్నా సరే, ఆళ్లు దిగొద్దు." అడుక్కుతినే మనిషి పిల్లలు ఎంతకాలం దిగకుండా ఉంటారు? పూట గడవక మా వాడలో ఎంతమంది పిల్లలు దిగలేదు?

మరునాడే నేను తాండూరు స్టేషనుకు పోయాను. అక్కడ పార్సిలు గుమాస్తా ఎల్లప్ప రైల్వే కార్మికుల సంఘం పనులు చూస్తుండేవాడు. నేను చెప్పిందంతా విన్నాడు. పనిలో మనిషి పోతే యజమాని నష్టపరిహారం కట్టాలని చట్టం ఉందన్నాడు. ఆ డబ్బు సేఠు చేతి నుంచి కాకుండా కమిషనరు దగ్గర జమ అయి, పిల్లలు పెద్దయ్యేదాకా వాళ్ల చదువుకూ తిండికీ అందుతుందట. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఏడాది లోపట అర్జీ వెయ్యాలె. దాని నకలు సేఠుకు పోతది. ఆయన జవాబు రాస్తడు," అన్నాడు ఎల్లప్ప. "ఇద్దరూ ఒప్పుకున్నదాన్ని కమిషనరు పక్కకు పెడతడు. ఒప్పుకోని మాట ఏదుంటదో గదే విచారణ. సాక్షులు, ప్రశ్నలు అన్నీ దాని మీదనే. వకీలు లేకున్నా నడుస్తది."

అర్జీ అతనే రాసిపెట్టాడు. భాగమ్మ వేలిముద్ర వేసింది. కొన్నాళ్లకు సేఠు జవాబు వచ్చింది. మత్తయ్య తన పనివాడేనని ఒప్పుకున్నాడు. దెబ్బ గనిలో తగిలిందన్నది మాత్రం అబద్ధమన్నాడు. మృతుడు క్షేమంగా పైకి వచ్చి భార్యతో మాట్లాడాడని, ఆ సంగతి ఆమే చెప్పి వేలిముద్ర వేసిందని రాయించాడు. అది చదివి ఎల్లప్ప కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

"మొగులమ్మా, మొత్తం తకరారు ఒక్క మాట కాడికొచ్చి ఆగింది. నీ మరదలు నిలవడి, 'నా పెనిమిటి మాట్లాడలే, గనిలనే సచ్చిపోయిండు' అని చెప్పాలె. చెప్తె గెలుస్తం. లేకుంటె లేదు."

ఇంతేనా అనుకున్నాను. నిజం చెప్పడానికి ఏం కష్టం? ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చున్న భాగమ్మకు చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది.

"దెబ్బ గనిల తాకిందని చెప్త. మాట్లాడలేదని మాత్రం చెప్ప వదినె."

"మాట్లాడిండా మరి?"

"నేను అడిగిన. జవాబొచ్చింది."

"నర్సప్ప చెప్పిండు గా జవాబు!"

"నర్సప్ప నోటితోటి వచ్చింది. చెప్పింది నీ తమ్ముడే."

నాకు ఒళ్లు మండిపోయింది. చదువు రాదు, సువార్త వంటబట్టలేదు, ఏం మనిషివే నువ్వని నోటికి వచ్చినట్టల్లా తిట్టాను. ఆమె పొయ్యిలో కట్టెలు సర్దుతూ ఉండిపోయింది.

సంగతి వాడలో పొక్కింది. నర్సప్ప పెండ్లాం బీరమ్మ వచ్చి భాగమ్మ కాళ్ల దగ్గర కూలబడింది.

"నా కొడుకులిద్దరు గా గనిలనే దిగుతరు చెల్లె. గట్ల చెప్పినవంటె మత్తయ్య కిందనే ఉండిపోతడు. నా పిలగాండ్లను పిలుస్తడు. నీ పిల్లలు పిల్లలు, నా పిల్లలు కాదా?"

నేను ఆమెను లేపి బయటికి పంపబోయాను. భాగమ్మ నన్ను ఆపింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే పరాయిదాన్నైపోయినట్టు నిలబడ్డాను. ఆ రోజు నుంచి వాడలో ఆడవాళ్లు భాగమ్మను బాయి దగ్గర కనిపెడుతూ ఉండేవాళ్లు. తిట్టేవాళ్లు కాదు. "ఏం జేస్తవమ్మా?" అన్నట్టు చూసేవాళ్లు. ఆ చూపు కన్నా తిట్టే నయం.

విచారణ వికారాబాద్ డాక్ బంగళాలో పెట్టారు. కమిషనరు హైదరాబాదు నుంచి వచ్చాడు. మేము పొద్దున రైలెక్కి పోయాము. అదే రైల్లో మరో పెట్టెలో నర్సప్ప కూడా వచ్చాడు. సేఠు తరఫు సాక్షి అతను. తాండూరు దాటాక కూడా అతను మా వైపు రాలేదు. భాగమ్మ దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఏం చెబుతావని నేను అడగలేదు. అడిగితే మళ్లీ తిడతానేమోనని నాకే భయం వేసింది.

కమిషనరు నడి వయసు మనిషి, ఆంధ్ర వైపు మాట. ముఖంలో అలసట ఉంది కానీ కసురుకోలేదు. ఇద్దరి కాగితాలూ చదివి, తేల్చాల్సింది ఒక్కటేనని చెప్పాడు: మత్తయ్యకు దెబ్బ పనిలో, గనిలో తగిలిందా, లేక పైకి వచ్చి భార్యతో మాట్లాడిన తరువాత దారిలో తగిలిందా?

ముందు భాగమ్మనే పిలిచారు. ప్రమాణం చేసింది. మత్తయ్య మీద మట్టి, బండ పడ్డాయని చెప్పింది. కమిషనరు పంచనామా తీసి చూపించాడు.

"చూడమ్మా, అప్పుడు మీ ఆయన పైకి వచ్చి నీతో మాట్లాడాడని చెప్పావు. ఇప్పుడు గనిలోనే బండ పడి పోయాడంటున్నావు. రెండూ ఎలా నిలుస్తాయి? ఆయన నీతో మాట్లాడాడా, లేదా?"

ఆమె తల దించుకుంది. పమిట కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఆయన మళ్లీ అడిగాడు. మాట రాలేదు.  "చెప్పవే!" అని అరిచాను. సేఠు తరఫు వకీలు నా వైపు చెయ్యి చూపించి, ఈమెకు ఇక్కడ మాట్లాడే హక్కు లేదన్నాడు. కమిషనరు నన్ను కూర్చోమన్నాడు. భాగమ్మను తరువాత మళ్లీ అడుగుతానని చెప్పి నర్సప్పను పిలిపించాడు.

నర్సప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సేఠు అతని ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. వకీలు అడిగినవాటికి నర్సప్ప నేల చూస్తూ జవాబు చెప్పాడు. మత్తయ్య పైకొచ్చిండు. పెండ్లాం అడిగింది. జవాబు చెప్పిండు. "ఏమని?" అన్నాడు వకీలు. "'వచ్చిన' అన్నడు," అన్నాడు నర్సప్ప.  వకీలు సంతోషంగా కూర్చున్నాడు.

ఎదుటి సాక్షిని అర్జీదారు ప్రశ్నించవచ్చని, వకీలు లేకపోతే ఎవరినైనా తన తరఫున మాట్లాడమని అనుమతి అడగవచ్చని కమిషనరు చెప్పాడు. నేను లేచాను. నర్సప్పను నిలువునా కడిగేయాలని మాటలన్నీ రైల్లోనే పేర్చుకుని ఉన్నాను. నా తమ్ముడి పక్కన తిన్నావు, తాగావు, వాడి చావును అమ్ముకుంటావా అని అడగాలి. భాగమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వొద్దు వదినె. నేనే అడుగుత."

ఆమె నర్సప్ప ఎదురుగా పోయి నిలబడింది. 

"అన్నా, నీ భుజం మానిందా?"

నర్సప్ప ఉలిక్కిపడ్డాడు. ఆ ప్రశ్న ఎవరూ అనుకోలేదు. వకీలు నవ్వబోయి ఆగాడు. "మానింది చెల్లె," అన్నాడు నర్సప్ప.

"దెబ్బ యాడ తాకింది?"

అతను నోరు తెరిచాడు, మూశాడు. సేఠు గొంతు సవరించుకున్నాడు. నర్సప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని ఇద్దరు కొడుకులూ ఆ వేళకు గనిలోనే ఉన్నారు, ఆ సంగతి నాకూ తెలుసు. అతను చెబుతాడో లేదోనని కమిషనరు కలం పట్టుకుని చూస్తున్నాడు. 

"ఒద్దులే అన్నా," అంది భాగమ్మ. "నువ్వు చెప్పకు. నీ నోటితోటి ఒద్దు."

ఆమె కమిషనరు వైపు తిరిగింది.

"సాబ్, ఆయనను అడగకుండ్రి. ఇంతకుముందు నన్ను అడిగిండ్రు గదా, దానికి నేనే జవాబు చెప్త. నా పెనిమిటి నాతోటి మాట్లాడలే. నేను అడిగిన. మూడుసార్లు అడిగిన. ఆయన నోట్లె మట్టి ఉండె. నేనే నా వేలుతోటి తీసిన. మనిషి గనిలనే పోయిండు. మాట్లాడిండని నేనే చెప్పిన, వేలిముద్ర నేనే ఏసిన. ఎందుకు చెప్పిన్నో మా వాడోళ్లకు తెలుసు."

 వకీలు లేచి, ఇంతకాలం అబద్ధం చెప్పిన మనిషిని ఇప్పుడు ఎట్లా నమ్ముతారని అడిగాడు. అప్పుడు నర్సప్ప, ఎవరూ అడగకుండానే, గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. "నేనే అన్న సాబ్. 'వచ్చిన' అని నేనే అన్న. ఆయన కాడ ఊపిరే లేకుండె. నా భుజానికి తాకింది సుత గదే బండ," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సేఠు లేచి బయటికి పోయాడు. కమిషనరు ఇద్దరి మాటలూ రాయించి, వాళ్లకే చదివి వినిపించి, వేలిముద్రలు వేయించుకున్నాడు. అర్జీ నిలుస్తుందని, పిల్లల పేరున సొమ్ము జమ చేయాలని సేఠుకు ఉత్తరువు పంపుతానని మాతో చెప్పాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెట్లు దిగుతూ భాగమ్మను గట్టిగా పట్టుకున్నాను. పిల్లలు బడి మానక్కర్లేదు, వికారాబాద్ హాస్టల్లోనే చేర్పిద్దాం, పాస్టరయ్యతో నేనే మాట్లాడతాను, సేఠు ముఖం చూశావా అని ఆగకుండా వాగుతూనే ఉన్నాను. ఇన్నాళ్ల కోపం ఒక్కసారిగా దిగిపోయి మనసు తేలికైంది. ఆమె వింటున్నదో లేదో కూడా చూసుకోలేదు.

స్టేషనులో నర్సప్ప దూరంగా ఒక బల్ల మీద కూర్చుని ఉన్నాడు. బండి రావడానికి చాలా టైము ఉంది. కొంతసేపటికి లేచి మా దగ్గరికి వచ్చాడు. నన్ను చూడలేదు. భాగమ్మనే చూస్తూ, పెద్దలను అడిగినట్టు అడిగాడు.

"చెల్లె, మరి ఆయన ఇప్పుడు యాడ ఉన్నట్టు?"

అది నేను జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఊరూరా తిరిగి చెప్పేది అదే కదా. "యాడుంటడు నర్సప్పా, దేవుని దగ్గరున్నడు. ప్రాణం గనిలుండదు, బండ కింద ఉండదు," అన్నాను. ఎన్నో ఇళ్లలో, ఎన్నో పాడెల దగ్గర అన్న మాటే. ఈసారి అంటుంటే నా చెవికే పలచగా వినిపించింది.

నర్సప్ప నా మాట పట్టించుకోలేదు. ఇంకా భాగమ్మ వైపే చూస్తున్నాడు.

"రేపటి సంది మీ పోరగాండ్లను గనికి పంపకు అన్నా," అంది ఆమె. "ఇంకో గని చూస్కోండ్రి. గా దాంట్లకు ఒద్దు."

నర్సప్ప తల ఊపాడు. ఎక్కడో ఒక చోట పని దొరకకపోదు అని గొణుగుతూ వెళ్లిపోయాడు. అతను కాస్త దూరం పోయేదాకా ఆగి నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. గెలిచి కూడా ఇదేం మాట? దేవుని దగ్గర ఉన్నాడని నేను చెబుతుంటే వినపడలేదా?

"ఇనపడింది వదినె. నువ్వు గట్లనే చెప్తవు, నిన్నేమంటలేను." ఆమె కళ్లలో నీళ్లు లేవు. అందుకే ఎక్కువ భయం వేసింది నాకు. "నా పోరగాండ్లు పైన ఉండాలె. అందుకని ఆయనను నేనే మల్ల కిందికి పంపి వచ్చిన."